పోస్టాఫీసు కాటా మీద

పందొమ్మిదేళ్లుగా ఊళ్లోవాళ్ల పార్సిళ్లు తూస్తున్నదాన్ని,
నా మూట నేను తూచుకోవడం ఇదే మొదలు.
కౌంటరు మూసి, తలుపు గడియపెట్టి,
వీపుసంచిని రెండు చేతులా ఎత్తి కాటా మీద కూలేశాను.
పదమూడు కిలోల నాలుగు వందలు.
మారికా ఈల వేసింది.
"కిర్గిజ్ కొండలకా, కాపురానికా?"

రాత్రి డ్యూటీ నర్సు తను. దేన్నయినా వెనకాడకుండా కోస్తుంది.
టూత్‌బ్రష్ పిడి కోసింది.
సబ్బు సగానికి కోసింది.
దారిపుస్తకంలో మేం పోని లోయల పేజీలన్నీ
పరపరా చింపి బుట్టలో పడేసింది.
అందులోంచి రెండు ఏరి జేబులో దాచుకున్నాను.
కాగితానికేం బరువు అంటారు.
ఉంటుంది. నన్నడగండి.
పేజీకి నాలుగు గ్రాములు.

మా దేశంలో అన్నిటికన్నా ఎత్తయిన కొండ
మూడు వందల పద్దెనిమిది మీటర్లు.
దాని మీదికి జనం కాఫీ తాగడానికి పోతారు.
అందుకని ఫిబ్రవరి నుంచీ
మా ఐదంతస్తుల మెట్లే మాకు కనుమలు.
వీపున పది కిలోల బంగాళాదుంపలు,
రోజుకు పన్నెండుసార్లు ఎక్కడం, దిగడం.
మూడో అంతస్తు కుక్క మొరగడం మానేసింది.
దుంపలకు మొలకలొచ్చాయి.

రెండో అంతస్తులో హెల్వే.
తలుపు సందులోంచి ఒకనాడు "ఎక్కడికి?" అంది.
చెప్పాను.
దగ్గొచ్చేదాకా నవ్వింది.
ఎనభై మూడు వేసవిలో ఆ కనుమ దాటిందట తను.
రోజుల తరబడి రైలు, మడమలో మేకు దిగిన బూటు,
పాస్‌పోర్టు ఊసే లేదు.
"అప్పుడది విదేశం కాదే పిల్లా.
కొండ కదల్లేదు, నేనూ కదల్లేదు,
మధ్యలో గీత పడింది.
ఆ గీత కావాలనే కదా
వీధుల్లో చేతులు పట్టుకుని నిలబడ్డాం..."
అని ఆగి, కిటికీలోంచి ట్రాలీబస్సులు లేని వీధిని
కాసేపు చూసింది.

లోపలికెళ్లి ఓ పటం తెచ్చింది.
నూనె కాగితం మీద పెన్సిల్‌తో గీసింది, రష్యన్ అక్షరాలు,
ఏది సరస్సో ఏది టీ మరకో తనకే అనుమానం.
ఒకచోట మాత్రం కింద రెండు గీతలు:
వంతెన లేదు.
"ఇప్పుడైనా కట్టారేమో చూసి రా."
ఐదుగురం వెళ్లామంది.
తిరిగొచ్చిన లెక్క నేనడగలేదు.

ఫోన్‌లో చూశాను. అక్కడ ఒక నీలం దారం, అంతే.

మళ్లీ కాటా దగ్గరికి.
రెండో స్వెటరు పోయింది. జీన్సు పోయింది.
మడత కుర్చీ ఎవరు పెట్టారో ఇద్దరం ఒప్పుకోలేదు.
మందుల డబ్బాని మారికా ముట్టుకోనివ్వలేదు,
నల్లరొట్టెని నేను ముట్టుకోనివ్వలేదు.
"అక్కడ రొట్టె ఉండదా?"
ఉంటుంది. తెల్లది, గుండ్రంది, వేడివేడిది.
కానీ మూడువేల మీటర్ల మీద వాన కురిసే రాత్రి
పులుపు నములుతూ ఏడవాలంటే ఇదే కావాలి.
సగం కోసింది.
తొమ్మిది కిలోల ఎనిమిది వందలు.
పటం పెట్టాను. ముల్లు చలించలేదు.
నా కాటా మీద మొదటిసారి
నాకు కోపమొచ్చింది.

విమానం ఎల్లుండి రీగా నుంచి.
రాత్రి పన్నెండున్నరకి మారికా ఫోన్:
"డబ్బా మూత తీసేది పెట్టావా?"
"మనం డబ్బాలేం తీసుకుపోవడం లేదు."
"అయినా సరే."

లేచాను.
జూన్ కదా, దీపంతో పనిలేదు.
వంటింటి సొరుగులో ఆ కొసరు వెలుతురులోనే
వెతుకుతున్నాను,
చెంచాలు, దారపుండ, ఎవరిదో తాళంచెవి,
ఇంకా వెతుకుతున్నాను.